ఇల్లు కట్టే ముందు ఎండ దారి చూడండి
(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఆ రెండింటిలో ఎన్ని చిక్కులున్నాయో దిగితే గాని తెలియదని దాని భావం. నేను దానికి ఇంకొక మాట చేరుస్తాను. ఇల్లు కట్టించేవారు ఒకరు, ఆ ఇంట్లో పగలల్లా ఉండేవారు మరొకరు. గృహప్రవేశానికి వచ్చి గోడల రంగు మెచ్చుకుని వెళ్లే చుట్టాలకు గాని, పొద్దున్న తొమ్మిదింటికి ఆఫీసుకు వెళ్లి సాయంత్రం ఆరింటికి తిరిగివచ్చే వారికి గాని, ఆ ఇల్లు మే నెల మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఎలా ఉంటుందో తెలియదు. తెలిసేది మనకే. అయినా ప్లాను గీసే రోజున మనల్ని అడిగే ప్రశ్న ఏమిటి? "వంటగట్టు మీద నల్లరాయి వేయిద్దామా, ఆకుపచ్చదా?" అని. మనం కూడా ఆ రాయి ఎంచుకోవడంతో మన వంతు అయిపోయిందనుకుంటాం.

ఈవేళ నేను చెప్పబోయేది ఆ రాయి కంటే ముందు అడగవలసిన సంగతులు. ఇల్లు తనంతట తాను చల్లగా ఉండాలంటే ఏం చేయాలి? కరెంటు ఖర్చు తగ్గాలన్నా, చుట్టూ ఉన్న నేలకూ నీటికీ చెట్టుకూ మన ఇల్లు భారం కాకుండా ఉండాలన్నా ఎక్కడ మొదలుపెట్టాలి? ఇది పెద్ద చదువులు చదివిన ఇంజనీర్లకే గాని మనకు అర్థం కాని విషయం అనుకోకండి. అన్నం ఉడికేటప్పుడు ఆవిరి ఎటు పోతుందో ఎరిగిన మనకు ఇది తెలియనిదేమీ కాదు.

ముందుగా నా పొరపాటు చెప్పుకుంటాను. విశాఖపట్నంలో మేము ఇల్లు కట్టుకున్నప్పుడు ప్లాను కాగితం తెచ్చి నా ముందు పరిచారు. నైరుతి మూల మా పడకగది. దాని పడమటి గోడకు ఇంత పెద్ద అద్దాల కిటికీ. "బాగుంది" అన్నాను. స్లాబు వేశారు, పాలు పొంగించాం. మొదటి వేసవిలోనే తెలిసివచ్చింది. రాత్రి పదింటికి పక్క మీద వాలితే గోడ ఇంకా వెచ్చగానే ఉండేది. పైకప్పు దించని పెనంలా సెగలు కక్కేది. ఫ్యాను వేస్తే ఆ వేడిగాలే కిందికి దిగేది. మరుసటి ఏడు ఏ.సి. కొన్నాం. అది వచ్చాక కరెంటు బిల్లు అందిన రోజల్లా ఇంట్లో ఒక చిన్న తగవు.

అలాగే అలవాటుపడిపోదుమేమో గాని, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. విశాఖ వాసులకు ఆ రోజును నేను గుర్తుచేయనక్కరలేదు. మహావృక్షాలు కూలాయి, కరెంటు స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి. మా వెనకవీధిలో పెంకుటిళ్ల పెంకులు ఆకుల్లా లేచిపోయాయి. మా స్లాబు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ మాట దాచను. గట్టి ఇల్లే ఆ రోజు మమ్మల్ని కాపాడింది. కాని గాలివాన వెలిసిన మర్నాటి నుంచీ ఎండ, ఉక్కపోత. రోజుల తరబడి కరెంటు లేదు. గదుల్లో గాలి ఆడే దారి లేదు. పిల్లల్ని తీసుకుని వాకిట్లో చాపలు పరుచుకుని పడుకున్నాం. ఉన్నదంతా పోసి కట్టుకున్న ఇల్లు, ఒక్క తీగ తెగేసరికి కంటినిండా నిద్ర ఇవ్వలేకపోయింది. అప్పుడు నాకొక ప్రశ్న పుట్టింది. గాలివానకు నిలిచేటంత గట్టిగానూ, కరెంటు లేకపోయినా కాపురం చేయగలిగేటంత చల్లగానూ ఒకే ఇల్లు ఉండకూడదా?

దానికి సగం జవాబు నాకు శ్రీముఖలింగంలో దొరికింది.

శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున ఉన్న ఆ ఊరు మీలో చాలామంది చూసే ఉంటారు. తూర్పు గాంగుల నాటి మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు, శివరాత్రి వెళ్లాక వంశధారలో చక్రతీర్థ స్నానం, వీటికి పేరుపడ్డ క్షేత్రం. మా మేనత్తది ఆ ఊరే. మూడేళ్ల కిందట మే నెలలో వాళ్లింటికి వెళ్లాను. మిట్టమధ్యాహ్నం గుడికి వెళితే ఆవరణలో రాళ్లు కాళ్లు చుర్రుమనిపించాయి. గర్భగుడి దగ్గరకు వెళ్లేసరికి ఒళ్లు చల్లబడింది. స్వామి మహిమ సరే, కట్టినవాళ్ల తెలివి కూడా ఉంది అందులో. అంత మందమైన రాతి గోడ వేడెక్కాలంటే చాలా సేపు పడుతుంది. అది పూర్తిగా వేడెక్కేలోగా పొద్దు గూకుతుంది, రాత్రి గాలికి మళ్లీ చల్లబడుతుంది.

మా అత్తవాళ్లది పాతకాలపు పెంకుటిల్లు. ఆ వైపు పల్లెల్లో ఇళ్లు వరసగా ఒకదానినొకటి ఆనుకుని ఉంటాయి. ఇరుపక్కల గోడలూ పొరుగువారితో ఉమ్మడి. అందుచేత ఆ రెండు గోడలకూ ఎండ తగలదు. వీధివైపు అరుగు, దానిమీద కిందికి దిగిన చూరు. ఆ చూరు నీడలో ఉన్న వీధి గోడ కూడా మాడదు. వెనక పెరడు, పెరట్లో పడమటి దిక్కున ఒక వేపచెట్టు. అడుగున్నర మందం మట్టిగోడలు. లోపల అటక. అటకకూ పెంకుకూ మధ్య ఉన్న గాలి ఒక దుప్పటిలాగ పైవేడిని కిందికి రానివ్వదు. పెంకుల సందుల్లోంచి వేడిగాలి బయటికి పోతూనే ఉంటుంది. పైగా పెంకు పలచనిది. పొద్దు వాలిన గంటకల్లా చల్లబడిపోతుంది. స్లాబు అలా కాదు. పగలల్లా తాగిన వేడిని దాచుకుని, మనం పక్క వేసుకునే వేళకు తీరిగ్గా కక్కుతుంది.

"ఎంత చల్లగా ఉందత్తా మీ ఇల్లు!" అన్నాను అరుగు మీద కూర్చుని.

ఆవిడకు కోపం వచ్చింది. "ఒక్క పూట ఉండి వెళ్లేదానివి, నీకు చల్లగానే ఉంటాది అమ్మీ! ఆ వంటింట్లో నలభై ఏళ్లు పొగ మింగినదాన్ని నేను. వానాకాలం వస్తే కారే చోట్ల పెట్టడానికి ఇంట్లో గిన్నెలు చాలవు. కోతులు పెంకులు పీకేస్తే సర్దేవాళ్లు దొరకరు. పట్నంలో మీకందరికీ డాబాలు కావాలి గాని నాకేటి, వద్దా?"

నాకు సిగ్గేసింది. ఆవిడ అన్నదాంట్లో అబద్ధం ఏముంది? పాత ఇల్లు చల్లగా ఉండడం వెనక ఆ ఇంటి ఆడవాళ్ల నడుములు విరిగాయి. నేల అలకాలి, గోడలకు మట్టి మెత్తాలి, ఏడాదికొకసారి పెంకు సర్దించుకోవాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా మీద విరుచుకుపడింది. అలాంటి గాలికి పెంకుటిల్లు ఎంతవరకు ఆగుతుంది? అప్పటికే మా బావ ఆ ఇల్లు పడగొట్టి స్లాబు ఇల్లు వేయడానికి ప్లాను గీయించి ఉంచాడు. "నువ్వు పట్నంలో కట్టినదానివి కదా, ఒకసారి చూడు" అని కాగితం చేతికిచ్చాడు. చూద్దును కదా, పడమటి గోడకు ఇంత పెద్ద అద్దాల కిటికీ! నా ఇల్లే మళ్లీ అక్కడ లేస్తోంది.

ఆ రాత్రి అరుగు మీద మేమందరం ఆ కాగితం ముందేసుకుని మాట్లాడుకున్నాం. అప్పుడు నేను చెప్పినవీ, ఆ తర్వాత తెలిసినవారిని అడిగి తెలుసుకున్నవీ ఇప్పుడు మీకు వరసగా చెబుతాను.

మొదటిది సూర్యుడి దారి. వేసవిలో మన ప్రాంతంలో సూర్యుడు దాదాపు నడినెత్తి మీదుగా వెళతాడు. మే నెల నడుమ ఒకసారి, జూలై ఆగస్టు సందున మరొకసారి మిట్టమధ్యాహ్నం మన నీడ మన కాళ్ల కిందే పడుతుంది. ఆ రెంటి మధ్య రోజుల్లో కాస్త ఉత్తరానికి ఒరుగుతాడు కూడా. దీన్నిబట్టి ఏం తెలుస్తుంది? వేసవిలో అందరికంటే ఎక్కువ ఎండ తినేది ఇంటి పైకప్పు. దాని తరువాత పొద్దుట తూర్పు గోడ, సాయంత్రం పడమటి గోడ. దక్షిణపు గోడకు వేసవి మధ్యాహ్నం ఎండ దాదాపుగా తగలదు. చలికాలంలో మాత్రం సూర్యుడు దక్షిణానికి దిగుతాడు కనుక ఆ గోడకు హాయిగా ఎండ తగులుతుంది. కాబట్టి దక్షిణం వైపు కిటికీ పెట్టి, దానిపైన రెండడుగుల సన్‌షేడ్ వేస్తే వేసవిలో నీడ, చలికాలంలో ఎండ రెండూ దొరుకుతాయి. పడమటి కిటికీకి సన్‌షేడ్ ఎంత పొడుగు వేసినా లాభం లేదు. సాయంకాలపు సూర్యుడు కిందికి వాలి, దాని కిందుగా తిన్నగా లోపలికి వస్తాడు.

వాస్తు ప్రకారం యజమాని పడకగది నైరుతిలో ఉండాలంటారు. ఆ నమ్మకం జోలికి నేను పోను. కాని ఆ మూల గదికే పడమటి ఎండంతా తగులుతుందన్న సంగతి మాత్రం మరిచిపోకండి. గది అక్కడే ఉంచండి, పడమటి గోడకు అడ్డం ఏదైనా పెట్టండి. స్నానాలగది, మేడమెట్లు, సామాను గది, గోడ పొడుగునా బీరువా, ఏదైనా సరే. పెద్ద కిటికీ దక్షిణం వైపుకు మార్చండి. ఇక ఆగ్నేయంలో వంటిల్లు. మూలగది కనుక దానికి రెండు బయటి గోడలుంటాయి. రెండింటికీ కిటికీలు పెట్టించండి. తూర్పు కిటికీ ఉంటే పొద్దుట వంటకు దీపం వేయనక్కరలేదు. రెండో గోడకు పైన, స్లాబు కిందుగా ఒక వెంటిలేటరు. వేడి, ఆవిరి, తాలింపు ఘాటు, అన్నీ పైకే పోతాయి కదా! పైన దారి లేకపోతే అవి మళ్లీ మన మొహం మీదికే దిగుతాయి.

రెండవది గాలి. ఇక్కడ మన కోస్తాకూ, హైదరాబాదుకూ తేడా ఉంది. అక్కడి ఎండ పొడిగా ఉంటుంది. నీళ్ల కూలరు పెడితే గది చల్లబడుతుంది. మన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖల్లో గాలిలోనే తడి ఉంటుంది కనుక కూలరు పెడితే ఉక్క ఇంకా పెరుగుతుంది. మన ఒంటిమీది చెమట ఆరాలంటే గాలి కదలాలి. వేసవి మధ్యాహ్నాల్లో మన తీరంలో గాలి ఎక్కువగా దక్షిణ, నైరుతి దిక్కుల నుంచి వస్తుంది. అటువైపు ఒక కిటికీ, దానికి ఎదురుగా ఉత్తరం వైపు మరొకటి ఉండాలి. ఒక్క కిటికీ ఉన్న గదిలోకి గాలి రాదు. వచ్చిన గాలి పోవడానికి దారి లేకపోతే, కొత్త గాలి ఎలా వస్తుంది? పాత ఇళ్లల్లో వీధి తలుపు నుంచి పెరటి తలుపు దాకా ఒకే వరసలో గుమ్మాలు ఉండడంలో ఉన్న కిటుకు ఇదే. వెంటిలేటర్లు చిన్నవే అయినా ప్రతి గదికీ పెట్టించండి. ఈ మధ్య ఏ.సి. గదులని వాటిని బొత్తిగా మానేస్తున్నారు. కరెంటు పోయిన రాత్రి వాటి విలువ తెలుస్తుంది.

మూడవది పైకప్పు. స్లాబు వేయడం తప్పనిసరి అయినప్పుడు దాన్ని ఎండకు ఒట్టిగా వదిలేయకండి. అన్నిటికంటే చవక మార్గం తెల్లసున్నం. ఉగాది వెళ్లేలోగా డాబా శుభ్రంగా కడిగి, సున్నంలో కాస్త జిగురు కలిపి రెండు పూతలు వేయండి. పాతబడి నల్లబడ్డ స్లాబు ఎండలో ఎక్కువ భాగం తాగేస్తుంది. కొత్త సున్నం సగానికి పైగా తిప్పికొడుతుంది. మేము ఇప్పుడు ఏటా వేస్తున్నాం. వేసిన ఏడాది మా పడకగది ఫ్యాను అయిదో నంబరు నుంచి మూడుకు దిగింది. శాశ్వతంగా కావాలంటే తెల్లటి పింగాణి పెంకు ముక్కలు పరిపించుకోవచ్చు. ఓపిక ఉంటే డాబా మీద పందిరి వేసి చిక్కుడు, బీర పాదులు పాకించండి. కింద నీడ, కూరకు కాయలు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లటి పైకప్పుల కోసం ప్రత్యేకంగా ఒక విధానమే ప్రకటించింది. కేంద్ర ప్రభుత్వపు ఇంధన సామర్థ్య సంస్థ 2018లో నివాస గృహాల కోసం "ఎకో నివాస్ సంహిత" అనే నియమావళి తెచ్చింది. పైకప్పు నుంచి ఎంత వేడి దిగవచ్చు, గోడల నుంచి ఎంత రావచ్చు, గాలికి కిటికీలు ఎంత తెరుచుకోవాలి అన్నవే అందులోని ముఖ్యాంశాలు. మన అమ్మమ్మల ఇళ్లు అడక్కుండా చేసిన పనులకు ఇప్పుడు లెక్కలు కట్టారన్నమాట.

స్లాబు కొత్తగా వేసేవారికి ఇంకొక పద్ధతి ఉంది. స్లాబు మందంలో కింది భాగాన బరువు లాగేది ఇనుము. అక్కడి కాంక్రీటు చేసే పని తక్కువ. కనుక ఆ భాగంలో, కమ్మీల మధ్య, రెండేసి బెంగుళూరు పెంకులు బోర్లించి పెట్టి పైన కాంక్రీటు పోస్తారు. సిమెంటు మిగులుతుంది, పెంకుల మధ్య చిక్కిన గాలి వేడిని ఆపుతుంది. ఈ పద్ధతిని మన దేశంలో బాగా వాడుకలోకి తెచ్చినవారు లారీ బేకర్. 1917లో ఇంగ్లండులో పుట్టి, మన దేశం వచ్చి, కేరళలో స్థిరపడి, 2007లో కన్నుమూసేవరకు సామాన్యులకు తక్కువ ఖర్చుతో ఇళ్లు కట్టినవారు ఆయన. భారత ప్రభుత్వం 1990లో పద్మశ్రీ ఇచ్చింది. గోడలకు కూడా ఆయన ఎక్కువగా వాడిన పద్ధతి ఒకటుంది. ఇటుకలను పడుకోబెట్టకుండా అంచుమీద నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి కడతారు. ఇటుకలు సుమారు నాలుగోవంతు ఆదా అవుతాయి. ఆ ఖాళీలోని గాలి వేడిని లోపలికి రానివ్వదు. అయితే ఒక హెచ్చరిక. మనది తుపాన్ల ప్రాంతం. మూలలు గట్టిగా నింపి, గోడల చుట్టూ కాంక్రీటు పట్టీలు వేయాలి. ఇలాంటి పనులు తెలిసిన ఇంజనీరు చేత లెక్క కట్టించుకున్నాకే దిగాలి. మేస్త్రీకి కొత్త పనైతే ముందు ప్రహరీ గోడ మీద చేయి తిరగనివ్వండి.

నాలుగవది సరుకులు. ఒక ఇల్లు లేవాలంటే నేలతల్లి దగ్గర ఎంత తీసుకుంటామో ఎప్పుడైనా ఆలోచించారా? ఎర్ర ఇటుకకు పంటపొలం పైమట్టి కావాలి, కాల్చడానికి బొగ్గో కట్టెలో కావాలి. సిమెంటు తయారీలో పుట్టే బొగ్గుపులుసు వాయువు, ప్రపంచం మొత్తం మీద మనుషులు వదిలే దానిలో 7, 8 శాతం దాకా ఉంటుందని లెక్క. ఇక ఇసుక. వంశధార, నాగావళి నదుల ఇసుకే మన ఇళ్లకు వస్తుంది. నదిలో ఇసుక నీటిని పట్టి ఉంచే దిండులాంటిది. ఆ ఇసుకలో తీసిన ఊటబావుల నీళ్లే ఎన్నో ఊళ్లు తాగుతున్నాయి. ఇసుక తవ్వేసినకొద్దీ ఊట తగ్గుతుంది. ఆఖరికి బిందె పట్టుకుని తిరిగేది మనమే. అలాగని ఇల్లు కట్టుకోవద్దని కాదు. అవసరమైనంతే కట్టుకుందాం. ఎర్ర ఇటుకకు బదులు బూడిద ఇటుక వాడవచ్చు. బొగ్గుతో కరెంటు తీసే కర్మాగారాల్లో, మనకు దగ్గర్లో పరవాడ సింహాద్రి వంటి చోట్ల, కొండల్లా మిగిలే బూడిదతో చేసేవి ఇవి. వీటిని బట్టీలో కాల్చరు, నీటితో తడిపి గట్టిపరుస్తారు. పాత ఇల్లు పడగొట్టేటప్పుడు తలుపులు, దూలాలు, పెంకులు వచ్చిన ధరకు అమ్మేయకండి. అంత చేవగల కలప ఇప్పుడు కొనబోతే దొరకదు. డాబా మీద పడ్డ వాననీరు వీధి కాలవలోకి పోనివ్వకండి. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క అంగుళం వాన పడితే సుమారు 2,300 లీటర్లు. గొట్టం పెట్టి ఇంకుడుగుంతలోకి దింపితే మీ బావి మీకు బాకీ తీరుస్తుంది.

"ఇవన్నీ కొత్తగా కట్టుకునేవారికి. ఫ్లాటులో అద్దెకుంటున్న మా సంగతేమిటి?" అని మీలో కొందరు అడగవచ్చు. మీరూ చేయగలిగినవి ఉన్నాయి. పడమటి కిటికీకి లోపల పరదా వేయడం కంటే బయట వెదురు తడిక దించడం మేలు. అద్దం దాటి వచ్చిన ఎండ లోపల చేరిపోయినట్టే. ఆ తరువాత పరదా ఆపేదేముంది? రాత్రి కిటికీలు తెరిచి ఉంచండి. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తింటుంది. కొత్తరకం బి.ఎల్.డి.సి. ఫ్యాను 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. రోజుకు 15 గంటలు తిరిగితే ఒక్క ఫ్యాను మీద నెలకు 20 యూనిట్ల ఆదా. ఏ.సి. ఉంటే 18 డిగ్రీలు పెట్టి దుప్పటి కప్పుకునే అలవాటు మానండి. 24 దగ్గర ఉంచి ఫ్యాను మెల్లగా తిప్పండి. ఒక్కో డిగ్రీ పెంచితే 6 శాతం దాకా కరెంటు కలిసివస్తుందని ఇంధన సామర్థ్య సంస్థవారి మాట. పై అంతస్తువారైతే డాబాకు సున్నం వేయించమని అసోసియేషన్ మీటింగులో అడగండి. మీ బావగారో, మరిదిగారో అడుగుతారులే అనుకోకండి.

సొంత డాబా ఉన్నవారికి సౌర ఫలకలు కూడా మంచివే. 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ప్రకటించారు. కరెంటు ఇవ్వడమే కాక, ఆ ఫలకలు స్లాబుకు గొడుగు కూడా పడతాయి. కాని వరస తప్పకండి. చిల్లుబిందెను ముందు మాట్లు వేయించుకోవాలి, నీళ్లు తరువాత పోసుకోవాలి. నీడ, గాలి, సున్నం ముందు. యంత్రాలు ఆ తరువాత.

ఇక మా అత్త ఇంటి సంగతి. ప్లాను మార్చారు. స్లాబు వేశారు, అది ఆవిడ కోరిక. కాని వీధి అరుగు ఉంచి, దానిమీద పాత దూలాలతో, పాత పెంకులతోనే చూరు దింపారు. పడమటి కిటికీ తీసేసి అక్కడ మేడమెట్లు పెట్టారు. వంటింటికి రెండు కిటికీలు, పైన వెంటిలేటరు. అది ఎంత ఎత్తున ఉండాలో అత్తే మేస్త్రీ పక్కన నిలబడి చేయెత్తి చూపించిందట.

ఒక్క తప్పు మాత్రం జరిగిపోయింది. ఇటుక లారీ పెరట్లోకి తిరగడానికి అడ్డమని, ఎవరూ ఇంట్లో లేని పూట, పనివాళ్లు వేపచెట్టు కొట్టేశారు. శ్రీముఖలింగం స్థలపురాణం మీకు తెలిసే ఉంటుంది. ఇప్పచెట్టు పూల కోసం ఇద్దరు సవతులు కయ్యమాడుకుంటుంటే, విసిగిపోయిన శబర నాయకుడు ఆ చెట్టు మీదికి గొడ్డలి ఎత్తితే, అందులోంచి శివుడు ముఖం చూపించాడంటారు. మధుకమంటే ఇప్పచెట్టే. అలాంటి ఊళ్లో కూడా చెట్టుకు రక్షణ లేకపోయింది. ఇల్లు పూర్తయిన మొదటి వేసవి పడమటి గది మాడిపోయిందని అత్త ఎన్నిసార్లు చెప్పుకుందో! స్లాబు వారంలో వేయవచ్చు, వేప నీడ ఇరవై ఏళ్లకు గాని రాదు. ఇప్పుడు ఆ చోట, గోడకు పదిహేను అడుగుల దూరాన, కానుగ మొక్క నాటారు.

ఇల్లు కట్టించబోయే సోదరీమణులు ఈ అయిదు ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకుని ప్లాను పక్కన పెట్టుకోండి. పడమటి గోడకు నీడ ఎక్కడిది? ప్రతి గదికీ గాలి వచ్చే దారి, పోయే దారి ఉన్నాయా? పైకప్పుకు ఎండ నుంచి కాపు ఏమిటి? వంటింటి వేడి ఎటు పోతుంది? స్థలంలో ఉన్న చెట్టు ఏమవుతుంది? ఈ అయిదింటికీ సరైన జవాబు వచ్చేదాకా "బాగుంది" అనకండి. కాగితం మీద గీత మార్చడానికి రబ్బరు ముక్క చాలు. గోడ లేచాక మార్చాలంటే గునపం కావాలి.

మొన్న వేసవిలో అత్త ఫోను చేసింది. "కరెంటు పోయి మూడు గంటలైంది అమ్మీ. వంటింట్లోనే కూర్చుని వడియాలు పెడుతున్నాను. గాలి ఆడుతోందిలే" అంది. ఆవిడ మెచ్చుకోలు అంతకంటే ఎక్కువ ఉండదు. నాకు మాత్రం ఆ ఒక్క మాట చాలు.